ఎడమ పక్కకు, కిందికి

ఎమిల్ సబోల్ ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేశాడు. ఆ సంగతి ఊళ్ళో ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తులేదు. అందరూ అతణ్ణి ఎరిగింది వేరే పని వల్ల. కొండవాలులో ఉన్న గన్ క్లబ్బు నెలకోసారి నాలుగు పేజీల పత్రిక వేస్తుంది. అందులో మూడో పేజీ ఎమిల్‌ది. కొత్తగా వచ్చిన తుపాకీని తన సొంత డబ్బుతో కొంటాడు, విప్పి చూస్తాడు, కాలుస్తాడు, ఎలా ఉందో రాస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఒక్క కంపెనీ దగ్గరా ఊరికే ఒక తూటా కూడా పుచ్చుకోలేదు. అందుకే అతను బావుందంటే ఆ లోయలో పదిమంది కొంటారు, బాలేదంటే ఎవరూ ముట్టుకోరు.

ఆ మార్చి నెలలో అతను కొన్నది టాల్‌మన్ కంపెనీవాళ్ళ కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్టల్. డోరీన్ క్రుపా దుకాణంలో ఫారం నింపి, ఆమె ప్రభుత్వ తనిఖీవాళ్ళకి ఫోన్ చేశాక అవతలనుంచి సరేనన్న మాట వచ్చేదాకా గాజుబల్ల దగ్గర నిలబడ్డాడు. డోరీన్‌కి నలభై మూడేళ్ళుంటాయి. తండ్రి పోయాక దుకాణం ఆమే చూసుకుంటోంది. హైవే పక్కన పెద్ద స్టోరు పడ్డాక బేరాలు సగానికి సగం తగ్గాయి.

"ఇవి ఎనిమిది తెప్పించాను, ఎమిల్," అంది, అట్టపెట్టె ముందుకు తోస్తూ. "మా నాన్న ఉంటే ఈపాటికి నా చెవులు చిల్లులు పడేవి."

"మీ నాన్న తిట్టకుండా ఏది కొన్నాడు కనక? తిట్టుకుంటూనే ఈ కొట్టు కట్టాడు."

"మీరు చూడండి. ఎలా ఉంటే అలాగే రాయండి."

"అలా కాక ఇంకెలా రాస్తాననుకున్నావు?"

"తెలుసు లెండి. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను."

ఇంటికొచ్చి వంటింటి బల్లమీద పాత తువ్వాలు పరిచాడు. తూటాలు నింపే మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాడు. పిస్టల్ పైన జారే స్లైడు వెనక్కి లాగి లోపలికి చూశాడు. చిటికెనవేలు లోపలికి దూర్చి తూటా లేదని తడిమి చూశాడు. తర్వాత మళ్ళీ కళ్ళతో చూశాడు. కొత్తదైనా పాతదైనా, ఖాళీదని తెలిసినా, ఈ మూడూ చేస్తే తప్ప అతని మనసు కుదుటపడదు. రైల్వేలో కరెంటు తీగ ముట్టుకునే ముందు కూడా అంతే చేసేవాడు.

చేతిలోకి తీసుకోగానే నచ్చింది. పిడి మరీ లావుగా లేదు, అరచేతిలో ఖాళీ లేకుండా ఒదిగింది. పిడి మీది గరుకు చేతిని పట్టి ఉంచేంతే ఉంది, గీరేంత లేదు. స్లైడు అంచులు ఎవరో ఓపిగ్గా అరగదీసినట్టు నున్నగా ఉన్నాయి. లోపలి నూనె వాసన కొంచెం తియ్యగా అనిపించింది. ట్రిగ్గర్ మాత్రం అతని పాతదానికంటే బరువు. అతను ఎన్నో ఏళ్ళుగా పోటీల్లో కాల్చేది బండలాంటి ఉక్కు పిస్టల్. దాని ట్రిగ్గర్ వేలు తగిలితే చాలు విడిపోతుంది. ఇది అలా కాదు. కొంత దూరం లాగాలి, అక్కడ ఒక గోడ తగులుతుంది, ఆ గోడ మీద నిదానంగా ఒత్తాలి. ఈ మాటలన్నీ చిన్న అట్టముక్కల మీద ఒక్కొక్కటిగా రాసుకున్నాడు.

వర్నా పొయ్యిమీద క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయిస్తోంది. పెళ్ళై నలభై ఆరేళ్ళు. బల్లమీద తుపాకులు చూసి ఆశ్చర్యపోయే రోజులు ఆమెకి ఎప్పుడో పోయాయి.

"నీ ఆ తుపాకీ పిల్లని ఎత్తుకుని అవతల పడుకోబెట్టు. ప్లేట్లు పెట్టాలి."

"చూడవే ఒకసారి. ఎంత శుభ్రంగా చేశారో."

"నా పెళ్ళినాడు నన్నిలా చూశావా?"

"నిన్ను విప్పి మళ్ళీ బిగించే పుస్తకం ఎవరూ ఇవ్వలేదుగా," అన్నాడు ఎమిల్. వర్నా గరిటె చూపించి బెదిరించింది. తర్వాత కాఫీ పోసింది. ఈ మధ్య ఆమె అతని కప్పులో సగమే పోస్తోంది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

శనివారం పొద్దున క్లబ్బువాళ్ళు తుపాకులు కాల్చే రేంజిలో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. స్టష్ అప్పటికే వచ్చి స్టవ్ రాజేశాడు. స్టష్ ఎమిల్‌కి చిన్ననాటి స్నేహితుడు. గనిలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. క్లబ్బు పత్రికని టైపు చేసి, చర్చి ఆఫీసు మిషన్ మీద కాపీలు తీసి, పిన్నులు కొట్టేది అతనే.

ఎమిల్ పదిహేను గజాల దూరంలో కాగితం కట్టి, చెవులకి మూతలు పెట్టుకుని, మొదటి పది కాల్చాడు. పిస్టల్ ఒక్కసారీ మొరాయించలేదు. ఖాళీ తూటా డొప్పలు కుడిపక్కకి చక్కగా ఎగిరి పడ్డాయి. కానీ దుర్భిణిలోంచి చూస్తే నల్ల వృత్తంలో ఒక్క చిల్లూ లేదు. పదీ కింద, ఎడమ పక్కన, ఒక అరచేయంత మేర చెదిరి ఉన్నాయి. మళ్ళీ పది కాల్చాడు. మళ్ళీ అక్కడే. తూటాల కంపెనీ మార్చాడు, నిలబడే తీరు మార్చాడు. యాభై అయ్యేసరికి కాగితంలో ఆ మూల జల్లెడ అయిపోయింది.

"ఏంట్రా, కాగితం నడిమధ్యని చూసి జాలేసిందా?" అని అరిచాడు స్టష్. చెవులు వినపడనివాడు కాబట్టి ఏం మాట్లాడినా అరుపే.

"గురి చూసే సైట్లు తప్పుగా బిగించారు."

"ఏదీ, నన్నో పది కాల్చనీ."

"రాసేదాకా ఇంకొకళ్ళ చేతికివ్వను. తెలుసుగా."

అది నిజమే. పక్కవాడి అభిప్రాయం చెవిలో పడితే తన మాట కలుషితమవుతుందని అతని నియమం. ఇన్నాళ్ళూ ఆ నియమం అతనికి మేలే చేసింది.

ఆ రాత్రి భోజనమయ్యాక రాసి ముగించాడు. పిడి గురించీ, పనితనం గురించీ, డొప్పలు ఎగిరే తీరు గురించీ మెచ్చుకుంటూ మూడు పేరాలు రాశాడు. చివరి పేరాలో, "అయితే సైట్లు సరిగా కుదర్చకుండానే ఫ్యాక్టరీ గడప దాటించారు. తూటా ఎడమ పక్కకు, కిందికి పోతోంది. కంపెనీ దీన్ని సరిదిద్దేదాకా ఆగడం మంచిది," అన్నాడు. ఒకసారి చదువుకున్నాడు. ఉన్నమాట రాసినవాడికి ఉండే నెమ్మది అతనికి కలిగింది.

పత్రిక ఏప్రిల్ మొదటివారంలో వచ్చింది. గుడ్ ఫ్రైడేకి ముందు శుక్రవారం ఫైర్ స్టేషన్ హాలులో చేపల విందు. ఎమిల్ దంపతులు వేయించిన చేప, బంగాళదుంప కూరిన పియరోగీలు పళ్ళెంలో పెట్టించుకుని కూర్చోగానే స్టష్ ఎదురుగా వచ్చి చతికిలబడ్డాడు.

"డోరీన్ దగ్గర ముగ్గురు వెనక్కి పోయారట," అన్నాడు, తన లెక్కలో గుసగుసగా. పక్క రెండు బల్లలవాళ్ళు తల తిప్పారు. "అడ్వాన్సులిచ్చినవాళ్ళే. ఎమిల్ ఆగమన్నాడు కదా, ఆగుతాం అన్నారట."

"ఆ పిల్ల ఏమంది?"

"ఏమంటుంది? డబ్బు వెనక్కిచ్చేసింది. నిన్ను ఒక్కమాటా అనలేదు. అదే నాకు బాధగా ఉంది. దాని బాబైతే నీ ఇంటిమీదకొచ్చి కిటికీలు పగలగొట్టేవాడు."

ఎమిల్ చేప కెలుకుతూ కూర్చున్నాడు. తాను అబద్ధం రాయలేదు. అయినా పళ్ళెం వర్నా వైపు తోసేశాడు.

సోమవారం దుకాణానికి వెళ్ళాడు. గాజుబల్ల లోపల ఆ పిస్టళ్ళు ఏడూ వరసగా ఉన్నాయి. డోరీన్ రసీదు పుస్తకం మూసి లేచి నిలబడింది.

"నాకు కనబడిందే రాశానమ్మాయ్."

"మిమ్మల్ని ఏమీ అనలేదే నేను."

"అందుకే వచ్చాను."

డోరీన్ గాజు మీద వేలితో తట్టింది. "అందులోంచి ఒకటి తీసి నేనూ కాల్చాను, ఎమిల్. అది బాగానే పోయింది. మీది ఒక్కటీ తేడాగా వచ్చి ఉండొచ్చు. రేపు పొద్దున తీసుకురండి, ఇద్దరం చూద్దాం. తేడా ఉంటే నేనే కంపెనీకి పంపి, మీరు రాసింది నిజమని గోడకి అంటిస్తాను."

మర్నాడు రేంజిలో వాళ్ళిద్దరే ఉన్నారు. డోరీన్ అతని పిస్టల్ తీసుకుని, లోపల చూసి, వేలుతో తడిమి, మళ్ళీ చూసింది. అలా చూడడం ఆమెకి పన్నెండేళ్ళ వయసులో నేర్పింది ఎమిలే. పది కాల్చింది. దుర్భిణి అవసరం కూడా రాలేదు. నల్ల వృత్తం మధ్యలో, డాలరు నాణెం పెడితే మూసుకుపోయేటంత చోట, పది చిల్లులూ కలిసిపోయి ఒకే చిరుగయ్యాయి.

ఎమిల్ అయినా దుర్భిణిలోంచి చూశాడు.

డోరీన్ అతని వైపు చూడకుండా మ్యాగజైన్ నింపింది. వీపు తిప్పి నింపింది. "కాల్చండి," అని చేతికిచ్చింది.

అలా వీపు తిప్పి ఎందుకు నింపిందో అతనికి తెలుసు. ఆ క్లబ్బులో కొత్తగా నేర్చుకునే కొన్ని వందలమందికి అతనే అలా నింపి ఇచ్చాడు. మందు లేని ఉత్తుత్తి తూటాలు రెండు మూడు మధ్యలో కలుపుతారు. ఏది ఎప్పుడొస్తుందో కాల్చేవాడికి తెలియదు. తెలిసీ అతను పిస్టల్ ఎత్తాడు. తన సంగతి వేరు అనుకున్నాడు.

మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోసారి ట్రిగ్గర్ లాగితే టిక్కుమంది, అంతే. పేలలేదు. పేలుడూ లేదు, వెనక్కి తన్నడమూ లేదు. అయినా పిస్టల్ ముక్కు ఒక్క ఊపున కిందికి, ఎడమ పక్కకి వాలిపోయింది. దాన్ని వాల్చినది అతని చెయ్యే. వేరే ఎవరూ లేరు అక్కడ.

ఎమిల్ అలాగే నిలబడి ఆ చేతిని చూశాడు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టుంది. చాచిన చేతి చివర పిస్టల్ సన్నగా, ఆగకుండా ఊగుతోంది. అప్పుడు అతనికి లోపల జరుగుతున్నదంతా విడివిడిగా కనబడింది. చెయ్యి ఊగుతుంటే గురి నల్ల వృత్తం మీదనుంచి అటూ ఇటూ జారుతోంది. అది మధ్యకి వచ్చిన క్షణాన్ని వదులుకోలేక, ఇప్పుడే ఇప్పుడే అని అతను ట్రిగ్గర్‌ని గుంజుతున్నాడు. పాత పిస్టల్ బరువు ఆ ఊగుడుని ఆపేది, దాని మెత్తటి ట్రిగ్గర్ ఆ గుంజుడుని దాచిపెట్టేది. ఈ కొత్తది దేన్నీ దాచలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది డోరీన్ మెల్లగా.

"చలికాలం నుంచి." కొంచెం ఆగి, "అంతకుముందు నుంచే," అన్నాడు. "చలి వల్ల అనుకున్నాను. కాదు. అనుకోలేదు. వర్నాతో అలా చెప్పాను."

అతను పిస్టల్ ఖాళీ చేసి బల్లమీద పెట్టాడు. డోరీన్ ఓదార్చలేదు, అతని భుజం తట్టలేదు. కిందపడిన ఖాళీ డొప్పలు ఏరడం మొదలుపెట్టింది. అతను కూడా వంగి ఏరాడు. అంతకుముందువాళ్ళు వదిలేసినవి కూడా కలిపి ఇద్దరూ రెండు డబ్బాలు నింపారు.

మే నెల పత్రికకి రాయడానికి కూర్చుంటే ఎన్నడూ లేనిది నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి, "తర్వాత మళ్ళీ పరీక్షించగా సైట్లు సరిగానే ఉన్నట్టు తేలింది," అని రాశాడు. రెండోసారి తేలికపాటి పిస్టళ్ళకి బరువైన ట్రిగ్గర్ పెట్టడం వల్ల అనుభవజ్ఞులు కూడా ఎలా పొరబడగలరో ఒక పేజీ రాశాడు. అది చదవడానికి బావుంది. వర్నాకి చూపించాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. "అనుభవజ్ఞులంటే ఎవరు?"

"అంటే... నేనే."

"మరి నేను అని రాయడానికి నీకేం అడ్డొచ్చింది?"

"వర్నా, ఇరవై రెండేళ్ళుగా వాళ్ళు నా మాట విని కొంటున్నారు."

"నీ కప్పులో నేను సగం కాఫీ పోస్తున్నానని వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. అయినా ఇన్నాళ్ళూ నిన్ను నమ్మడం మానలేదుగా నేను." కాగితం అతని ముందు పెట్టింది. "డాక్టరుకి ఫోన్ చేశాను. బుధవారం రమ్మన్నాడు. నువ్వు రానంటే నేనొక్కదాన్నే వెళ్ళి నీ చేతి గురించి చెప్పుకొస్తా."

బుధవారం ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు అతనిచేత చేతులు చాపించి, కాగితం మీద సుడులు గీయించి, నడిపించి చూశాడు. భయపడాల్సిన జబ్బు కాదన్నాడు. వయసుతో కొందరికి వచ్చే వణుకు, మాత్రలతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు అన్నాడు. ఎమిల్ బయటికొచ్చి కారు తాళాలు వర్నా చేతిలో పెట్టి, దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అతను సుడి గీసిన కాగితాన్ని డాక్టరు తన దగ్గరే ఉంచుకున్నాడు. చిన్నపిల్లలు గీసినట్టుంది అది. అది ఇంకొకరి దగ్గర ఉండిపోయిందన్న బాధే జబ్బు పేరు కంటే ఎక్కువ తొలిచింది.

ఆ సాయంత్రం ఆరు వాక్యాలు రాశాడు. "పోయిన నెల నేను టాల్‌మన్ పిస్టల్ సైట్లు తప్పన్నాను. సైట్లు సరిగ్గానే ఉన్నాయి. తప్పు నా చేతిది. నా చెయ్యి వణుకుతోంది, ఆ సంగతి నాకు తెలిసీ ఒప్పుకోలేదు. డోరీన్ క్రుపా అదే పిస్టల్‌తో పది తూటాలూ మధ్యలో వేసింది, నేను చూశాను. నా మాట విని కొనడం మానుకున్నవాళ్ళు వెళ్ళి చూసుకోండి."

స్టష్ అది చదివి తల గోక్కున్నాడు.

"నీకేమైనా పిచ్చా? ఆ ఒక్క పిస్టలూ బాగుచేసి పంపారని రాయి. ఎవడికి తెలుస్తుంది?"

"కంపెనీ చెయ్యని తప్పుని కంపెనీ దిద్దిందని రాయమంటావా?"

"ఒరేయ్, ఇది వేస్తే రేపు శనివారం నిన్ను రేంజిలోకి రానిస్తారా అని నా బాధ!"

"రానివ్వకపోతే మాననీ. నువ్వు మాత్రం అచ్చుతప్పులు లేకుండా కొట్టు."

పత్రిక వచ్చాక జరిగినవన్నీ మంచివే అని చెప్పలేం. క్లబ్బు సెక్రటరీ ఇంటికొచ్చి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, కొత్తవాళ్ళకి నేర్పే పని ఇకనుంచి ఇంకొకరు చూస్తారని చెప్పి వెళ్ళాడు. పెట్రోలు బంకు దగ్గర ఒకడు, "ఎమిల్, మరి ఆరేళ్ళ కిందట నువ్వు బాలేదన్న నా రైఫిల్ సంగతేంటి? అది కూడా నీ చెయ్యేనా?" అని నవ్వాడు. ఎమిల్ నవ్వలేకపోయాడు, ఎందుకంటే ఆ ప్రశ్నే అతను కూడా కొన్ని రోజులుగా వేసుకుంటున్నాడు. పాత పత్రికలు తీసి మూడేళ్ళవి వెనక్కి చదివాడు. సందేహం వచ్చినవి రెండున్నాయి. వాటి గురించి కూడా రాస్తానని స్టష్‌కి చెబితే, పత్రికంతా నీ పాపాల చిట్టాతోనే నింపుతావా అని కసిరాడు. అయినా జూన్‌లో ఒక దాని గురించి వేశాడు.

డోరీన్ దగ్గర వెనక్కి పోయిన ముగ్గురిలో ఇద్దరు మళ్ళీ వచ్చి కొనుక్కున్నారు. మూడోవాడు అప్పటికే హైవే స్టోరులో వేరేది కొనేశాడు.

మూడో పేజీ నువ్వు రాయమని ఎమిల్ డోరీన్‌ని అడిగాడు. ఆమె పూర్తిగా వినకముందే తల అడ్డంగా ఊపింది.

"నేను అమ్మేదాన్ని, ఎమిల్. నేను బావుందంటే ఎవరు నమ్ముతారు? మీరే రాయండి."

"కాల్చకుండా ఎలా రాయను?"

"కాల్చడానికి ఎవరివో చేతులు కావాలి, నిజమే. రాయడానికి మీ చేతులే కావాలి. మీది వణికితే అక్షరాలు కాస్త వంకర పోతాయి, అంతేగా?"

జూలైలో ఒక శనివారం ఎమిల్ మడతకుర్చీ వేసుకుని రేంజిలో కూర్చున్నాడు. ఒళ్ళో అట్టముక్కలు. ముందు స్టష్ నిలబడి, ఇంకో కంపెనీ కొత్త పిస్టల్ కాలుస్తున్నాడు. ఇన్నేళ్ళూ పత్రికకి రాసిన ప్రతిసారీ తాను తుపాకీ వెనకే ఉన్నాడు, పక్కన లేడు. పక్కనుంచి చూస్తే ఎన్నో కనబడుతున్నాయి. పేలిన ప్రతిసారీ మనిషి భుజం ఎంత వెనక్కి పోతోందో, స్లైడు ఎంత వేగంగా వెళ్ళి వస్తోందో, మూడో తూటాకి ఊపిరి ఎక్కడ బిగబట్టాడో. ఇవి కాల్చేవాడికి తెలియవు. రాసుకున్నాడు. అక్షరాలు వంకర పోయాయి. చదవడానికి వీలుగానే ఉన్నాయి.

స్టష్ మ్యాగజైన్ ఖాళీ చేసి, పిస్టల్ బల్లమీద పెట్టి, చెవి మూతలు తీశాడు.

"ఎలా ఉందిరా చేతిలో?" అన్నాడు ఎమిల్ గట్టిగా.

స్టష్ ఆలోచించాడు. "తుపాకీలాగే ఉంది."

"అది సరే. పిడి ఎలా ఉంది?"

"పిడిలాగా ఉంది."

"ఒరేయ్, అరచేతిలో ఎక్కడ తగులుతోంది? బొటనవేలు కిందా, చిటికెనవేలు వైపా?"

స్టష్ తన చేతిని మొదటిసారి చూసినట్టు తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ పిస్టల్ తీసుకున్నాడు, పట్టు సడలించాడు, బిగించాడు.

"ఇదిగో, ఇక్కడ," అన్నాడు చివరికి, బొటనవేలి మొదట్లో చూపిస్తూ. "కొంచెం... ఏమంటారు దాన్ని... నొక్కినట్టుంది. నొప్పిగా కాదు."

"ఇంకా?"

"ఇంకా ఏమిట్రా నీ మొహం!"

"తొందరేం లేదు. ఇంకో పది కాల్చి చెప్పు," అని ఎమిల్ కొత్త అట్టముక్క తీశాడు.